మేము కట్టిన పందెపు బండి

ఈ యేటి సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాసి యిమ్మని సంపాదక వర్గమువారు మమ్ము కోరిరి. వెనుకటి సంవత్సరములలో మేము వర్షమాపకమును గూర్చియు, సబ్బు తయారుచేయు విధమును గూర్చియు వ్రాసియుంటిమి. వానిని చదివినవారు కొందఱైన కలరనియే మా నమ్మకము. ఈ మాఱు మేము చెప్పబోవునది మోటారు సైకిలును గూర్చి. నలుబదియేడేండ్లు నిండి, కండ్లజోడు పెట్టుకొని, బడికి పాత తొక్కుడు సైకిలుపై వచ్చు ఉపాధ్యాయునికి ఈ ప్రస్తావన యేల యని మీరు నవ్వవచ్చును. అయితే మన ప్రయోగశాల అలమరలో, పాదరసపు సీసా ప్రక్కన, గాజుజాడీలో నొక గీతలు పడిన పిస్టను ఉన్నది. పై తరగతుల బాలబాలికలు దానిని చూచి, "మాస్టారూ, ఇదేమిటండీ?" అని యడుగుచున్నారు. ఒక్కొక్కరికి వేఱువేఱుగ చెప్పుటకంటె అందఱకు నొకసారి చెప్పుట మేలని తోచి యీ వ్యాసమునకు పూనుకొంటిమి.

ఆ పిస్టను మా బావగారి బండిలోనిది. 1993లో ఆయన నెల్లూరులో కొన్న యమహా ఆర్.ఎక్స్. 100 అది. ఆ జాతి బండ్లు మన దేశమున 1985 మొదలు 1996 వఱకు తయారైనవి. నేటికిని వీధిలో నొకటి పోయినచో పెద్దవారు సయితము తల త్రిప్పి చూచెదరు. దాని సిలిండరు లోపలి వ్యాసము 50 మిల్లీమీటర్లు. పిస్టను నడచు దూరమును 50 మిల్లీమీటర్లే. పదవ తరగతివారు స్తూపపు ఘనపరిమాణమును కట్టి చూచినచో 98 ఘన సెంటీమీటర్లు వచ్చును. అనగా ఒక చిన్న గ్లాసెడు. ఆ గ్లాసెడు స్థలమునుండి 11 గుఱ్ఱముల బలము పుట్టును. బండి బరువు 103 కిలోలు మాత్రమే. దాని ప్రఖ్యాతికి కారణము ఈ రెండంకెలే గాని వేఱు మంత్రమేమియు లేదు.

బావగారు 2009లో జబ్బుచేసి మరణించిరి. అప్పటికి మా మేనల్లునికి ఎనిమిదేండ్లు. అక్క ఆ బండిని పెరటి కొట్టములోనికి త్రోయించి, పాత దుప్పటి కప్పి యుంచెను. కొందుమని వచ్చినవా రనేకులు; ఆమె యెవరికిని ఇయ్యలేదు. పిల్లవాడు పెరిగి, ఐ.టి.ఐ.లో టర్నరు పని నేర్చి, ఒక లేతు షాపులో కుదిరెను. ఆ పిమ్మట తల్లికి తెలియకుండ బండిని బాగుచేసికొని, రాత్రివేళ స్నేహితులతో కూడి జాతీయ రహదారిపై పందెములు వేయ మొదలిడెను. 2021లో ఆ స్నేహితులలో నొకడు రోడ్డు నడిమి దిమ్మెకు కొట్టుకొని చనిపోయెను. ఆ సమాధి కార్యమునకు మేమును పోయియుంటిమి. ఇంటికి వచ్చిన తరువాత అక్క యేడువలేదు. "తమ్ముడూ, ఆ బండిని తీసికొనిపోయి ఏ చెరువులోనో పారవెయ్యి" అని మాత్రము చెప్పెను.

మేము బండిని మా యింటికి తెచ్చితిమి. పారవేయలేదు. మేనల్లుడు మూడు దినములు సాయంకాలము వచ్చి అరుగుమీద మాటాడక కూర్చుండి పోవుచుండెను. నాలుగవనాడు, "మామయ్యా, వేగంగా పోవాలనుకోవటం తప్పా?" అని యడిగెను. ఇరువదియేండ్లకు మించి తరగతులలో ప్రశ్నల కుత్తరము చెప్పిన మాకు ఆ సాయంకాలము తగిన యుత్తరము తోచలేదు. తప్పు కాదన్న నది వానిని మరల రోడ్డునకు పంపును. తప్పన్న వాడు నమ్మడు. నిజము చెప్పవలెనన్న మేమును నమ్మము.

ఉత్తరమునకు బదులుగా నొక ఒప్పందము చేసికొంటిమి. బండి నంబరు పలక ఊడదీసి వాని తల్లిచేతికి ఇయ్యవలెను. బండి యిక నెన్నడును రోడ్డు నెక్కరాదు. పందెములకొఱకే కట్టిన బాటపై తప్ప దానిని నడుపరాదు. అక్కడికైనను ట్రాలీ ఆటోలో నెక్కించుకొని పోవలసినదే. పనిలో ముందు బ్రేకులు, తరువాతనే యింజను. ఏ భాగమునైనను కొలిచి వ్రాసికొనక ముందు కోయరాదు. ఇవన్నియు నొక ఎక్సర్సైజు పుస్తకము మొదటి పుటలో వ్రాసి యిద్దరమును సంతకము చేసితిమి. అక్క చదివి, సంతకము చేయక పుస్తకమును తిరిగి యిచ్చెను.

చెన్నపట్టణమునకు పడమట, శ్రీపెరుంబూదూరు చేరువ ఇరుంగాట్టుకోట్టైలో అట్టి బాట యొకటి కలదు. అది 1990లో తెఱవబడినది. ఒక చుట్టు 3.717 కిలోమీటర్లు, మలుపులు పండ్రెండు. అంతకు పూర్వము షోలవరములో, రెండవ ప్రపంచ యుద్ధకాలమున విమానములకై వేసిన బాటపై పందెములు జరుగుచుండెడివి. ఇట్టి బాటమీద ఎదురుగ లారీ రాదు, అడ్డముగ గేదె రాదు. పడినవాడు జాఱిపోవుటకు వెడల్పైన చోటుండును. రుసుము చెల్లించి అభ్యాసము చేయువారి బండ్లను లోనికి విడువక ముందు పరీక్షించెదరు. దీపములు, అద్దములు తీసివేయవలెను. నూనె కాఱుటకు వీలున్న మరలకు చిన్న రంధ్రము తొలిచి, సన్నని యినుప తీగతో ముడివేయవలెను. మర వదులైనను ఊడి పడకుండుటకై. ఇంత చిన్న తీగముక్కలో ఇతరుల ప్రాణముల యెడల ఎంత శ్రద్ధ యిమిడి యున్నదో చూచి మాకు ఆ స్థలముపై గౌరవము కలిగెను.

పని మొదలైనది. మా వరండాయే కార్ఖానా. ఆదివారము మధ్యాహ్నములును, సెలవు దినములును పనిదినములు. పుదుపేటలోని పాత సామానుల అంగళ్లలో వేఱొక బండి ముందు ఫోర్కులును, డిస్కు బ్రేకును దొరకినవి. వానిని అమర్చుటకు కావలసిన ఇరుసును మేనల్లుడు తన యజమాని సెలవు పొంది లేతుమీద చేసెను. కాళ్లు పెట్టు కడ్డీలు వెనుకకు జరిపితిమి. పట్టు కడ్డీలు క్రిందికి దింపితిమి. దీపము, హారను, పెట్టె, వెనుక సీటు, స్టాండు తీసివేసి, బియ్యపు వర్తకుని కాటాపై తూచితిమి. 12 కిలోలు తగ్గినది. ఆనాటి వాని సంతోషము చూడవలసినదే గాని చెప్పనలవి గాదు. తోలు దుస్తులు, శిరస్త్రాణము, చేతి తొడుగులు, బూట్లు కలిసి బండి వెలకంటె హెచ్చైనవి. మా చీటీ డబ్బు దానికే సరిపోయినది. మా యింటివారు ఆ సంగతి నేటికిని అప్పుడప్పుడు జ్ఞాపకము చేయుచుందురు.

ఇక నింజను. ఇది రెండు స్ట్రోకుల యింజను. సిలిండరు తలలో కవాటములు లేవు. పిస్టనే పైకి క్రిందికి తిరుగుచు, సిలిండరు గోడలోని కిటికీలను మూయుచు తెఱచుచుండును. పొగ బయటకు పోవు కిటికీయు, క్రొత్త మిశ్రమము లోనికి వచ్చు కిటికీలును కొంతసేపు ఒక్కసారే తెఱచియుండును. కాన పొగ వెంట క్రొత్త మిశ్రమము కొంత వృథాగ వెడలిపోవును. దానిని నిలుపుటకు గొట్టము చాలును! పొగ గొట్టమును మొదట క్రమముగ వెడల్పు చేసి, పిదప సన్నము చేసినచో, పొగతో బయలుదేఱిన ఒత్తిడి అల వెడల్పగు చోట పీల్పుగ మాఱి వెనుకకు వచ్చి సిలిండరును ఖాళీ చేయును; సన్నమగు చోట త్రోపుగ మాఱి వచ్చి, తప్పించుకొని పోవుచున్న మిశ్రమమును కిటికీ మూసికొనక ముందే లోనికి నెట్టును. ఇదంతయు సెకండులో నూఱవ భాగముకంటె తక్కువ కాలములో జరుగవలెను.

ఈ విద్యను పరిపూర్ణము చేసినవాడు తూర్పు జర్మనీలోని ఎం.జెడ్. కర్మాగారపు ఇంజనీరు వాల్టరు కాడెను. 1961 నాటికి ఆయన 125 ఘన సెంటీమీటర్ల యింజనునుండి 25 గుఱ్ఱముల బలము పుట్టించెను. లీటరునకు 200 గుఱ్ఱములన్న మాట. ఆ యేడే ఆయన సవారీ ఎర్నెస్టు డెగ్నరు దేశము విడిచి పాఱిపోయి, ఆ మర్మములతో జపానులోని సుజుకీవారిని చేరెను. 1962లో సుజుకీవారికి ప్రపంచ విజయము సంపాదించి పెట్టెను. కాడెను తన పనిచోటనే నిలిచిపోయెను. మన బజారులలో కూతపెట్టుచు పోవు ప్రతి పాత బండి గొట్టములోను ఆయన ఆలోచన కొంత కలదు. పేరు తెలిసినవా రెందఱు?

ధ్వని పాఠమును ఇన్నియేండ్లు చెప్పిన మాకు ఈ గొట్టము మాత్రము మా సొత్తని తోచెను. లెక్క మేమే కట్టితిమి. శంకువును విప్పి పఱచిన వృత్తఖండమగునని తొమ్మిదవ తరగతివారికి చెప్పునట్లే, గోధుమరంగు కాగితముపై గీసి, కత్తిరించి, రేకును దాని ప్రకారము వంచి అతికించితిమి. రొయ్యల గుంటలు గల స్నేహితుని స్వంత మట్టిబాటపై, మెల్లగ నడుపవలెనను కట్టుబాటుతో, పరీక్షించితిమి. మేనల్లుడు దిగివచ్చి, "మామయ్యా, కూత ఘనమేగాని లాగటంలేదు" అనెను. లెక్క మరల చూచితిమి. ధ్వని వేగము సెకండునకు 340 మీటర్లని వేసియుంటిమి. అది మన తరగతి గదిలోని గాలికి. మండుచు వెడలు పొగలో ధ్వని సెకండునకు 500 మీటర్లకు మించిన వేగముతో పోవును. కనుక మా గొట్టము మిక్కిలి పొట్టిదయ్యెను. మరల కాగితము, మరల రేకు. వాడు నవ్వెను, మేమును నవ్వితిమి. ఆ నవ్వుతో ఆ తప్పును మఱచితిమి. మఱవకుండవలసినది.

మా వీధి చివర నొక పెద్ద మేస్త్రీ కలడు. అక్షరములు రావు. ఇంజను కూత విని రోగము చెప్పును. పొగ కిటికీని ఆకురాయితో పైకి పెంచు పనిలో ప్రక్కన కూర్చుండి, "అయ్యవారూ, తీసిన ఇనుము మళ్లీ పెట్టలేరు" అని పదిసార్లు చెప్పి, అర మిల్లీమీటరుకంటె నెక్కువ తీయనీయలేదు. ఇంకొక మాటయు చెప్పెను: రెండు స్ట్రోకుల బండి ఎప్పుడు పట్టునో తెలియదు గావున, క్లచ్చి మీద రెండు వ్రేళ్లు ఎల్లప్పుడు ఉంచవలెనని. పిల్లవాడు తల యూపెను.

ఆ కాలముననే న్యూజిలాండు దేశస్థుడు బర్టు మన్రో కథ వానికి చెప్పితిమి. ఇన్వర్కార్గిల్లు అను నూరివాడు. 1920లో ఒక ఇండియన్ స్కౌటు బండిని కొని, జీవితాంతము దానినే చెక్కుచు, పోతపోయుచు, విఱుగగొట్టుచు, బాగుచేయుచు గడపెను. పిస్టనులు తానే పోతపోసికొనెను. 1967లో, 68 యేండ్ల వయసున, అమెరికాలోని బానవిల్లి ఉప్పు మైదానముపై గంటకు 184 మైళ్లకు మించిన వేగముతో ఆ బండిని నడిపెను. చెడిపోయిన భాగములను ఒక అలమరలో పేర్చి, వేగదేవునికి నైవేద్యములని దానిమీద వ్రాసికొనెనట. ఆ వ్రాత మాకు రుచింపలేదు. అలమర మాత్రము రుచించినది.

2023 జనవరిలో బాటకు పోయితిమి. పరీక్షకులు మా బండి తీగముడులను చూచి బాగున్నవనిరి. మొదటి విడతలో మేనల్లుడు మెల్లగ బాట తెలిసికొని వచ్చెను. మేము స్పార్కు ప్లగ్గును ఊడదీసి చూచితిమి. నల్లగ మసిపట్టి యుండెను. మసి యన పెట్రోలు ఎక్కువయగుచున్నదని పుస్తకములలో చదివియుంటిమి. "కార్బ్యురేటరులో 110 జెట్టు తీసి 100 వేయుము" అంటిమి. సంఖ్య తగ్గినకొలది రంధ్రము సన్నమై పెట్రోలు తగ్గును. వాడు ఒక్క క్షణము సందేహించి, "మేస్త్రీని ఫోనులో అడుగుదామా?" అనెను. "పుస్తకములో స్పష్టముగ నున్నది" అంటిమి.

రెండవ విడతలో మూడవ చుట్టు. నిడుపాటి దారిపై వాడు పూర్తి వేగమున మా యెదుటనుండి పోయెను. కూత ఒక్కసారి సన్నగిలి, తెగిపోయినది. వెనుక చక్రము బిగిసినది. వాని వ్రేళ్లు క్లచ్చిమీద లేవు. బండి ఒక ప్రక్కకు, వాడు ఒక ప్రక్కకు జాఱిరి. మేము గోడ యీవల నిలువబడి చేయగలిగిన దేమియు లేదు.

జత్రుక విఱిగెను, తోలు దుస్తుల పుణ్యమున చర్మము చెక్కుచెదరలేదు. అంబులెన్సులో వాని ప్రక్కన కూర్చుండి మేము మొదట పలికిన మాట యిది: "నూనె సరిగా కలిపితివా?" నూనె పంపు తీసివేసి పెట్రోలులో చేతితో కలుపుట వాని పని. "కలిపాను మామయ్యా" అని వాడు కండ్లు మూసికొనెను. మఱి మాటాడలేదు. ఆ ప్రశ్నను వెనుకకు తీసికొనుటకు మేము చేయని ప్రయత్నము లేదు. అయినను అడిగిన మాట అడిగినదే.

మఱునాడు మేస్త్రీ యింజను విప్పెను. పిస్టను ప్రక్క, పొగ కిటికీవైపు, నిలువుగ గీతలు. ప్లగ్గు సున్నము వేసిన గోడవలె తెల్లగ నుండెను. దానిపై కరగిన అల్యూమినియపు పూసలు ఆవాలలో నాలుగవ వంతంత. "ఇది నూనె లేక పట్టింది కాదు అయ్యవారూ. పెట్రోలు చాలక వేడెక్కి పట్టింది. జెట్టు ఎవరు మార్చారు?" అనెను. మేము చెప్పితిమి. అతడు ప్లగ్గును మా చేతిలో పెట్టి వివరించెను. మెల్లగ నడిపి, మెల్లగ తిరిగివచ్చిన బండి ప్లగ్గు నల్లగనే యుండును. అది ఆ మెల్లని నడక గుర్తేగాని పూర్తి వేగపు గుర్తు కాదు. ప్లగ్గును చూడవలెనన్న, పూర్తి వేగమున పోవుచుండగనే క్లచ్చి పట్టి, అదే క్షణమున ఇంజను నాపి, అట్లే దొర్లుచు ప్రక్కకు వచ్చి, అప్పుడు చూడవలెను. రొయ్యల గుంటలవద్దను అది నల్లగనే వచ్చుచుండెడిదని మాకు జ్ఞాపకము వచ్చెను. ఏ స్థితిలో పరిశీలించితిమో వ్రాయని పరిశీలనకు మేము విద్యార్థుల ప్రయోగ పుస్తకములలో సున్న వేయుచుందుము.

అక్కకు చెప్పవలసి యుండెను. వాడు, "యంత్రము పట్టిందని చెబితే చాలును మామయ్యా" అనెను. అది అబద్ధము కాదు. అయినను మేము వంటింటి గడపలో నిలువబడి, జెట్టు మార్చినది మేమనియు, వాడు మేస్త్రీ నడుగుదమన్న వలదన్నది మేమనియు, పైగ వానినే అనుమానించితిమనియు చెప్పితిమి. ఆమె బియ్యము ఏఱుచు తల యెత్తకుండ వినెను. "ఆ నూనె మాట వాడితో అన్నావా?" అనెను. అన్నామంటిమి. అటుపిమ్మట నెలదినములు ఆమె మాతో మాటాడలేదు. జత్రుక ఆఱు వారములలో అతికినది.

బండి అమ్మివేయుదమని మేమే యంటిమి. వాడు వినలేదు. సిలిండరును లేతు షాపులో కాక, ఆ పని తెలిసినచోట తొలిపించి, 0.25 మిల్లీమీటరు పెద్దదైన పిస్టను వేయించెను. పాత పిస్టనును మాకు తెచ్చియిచ్చెను. ఎక్సర్సైజు పుస్తకములో క్రొత్త పుట మొదలుపెట్టితిమి. ప్రతి విడతకు గాలి వేడిమి, జెట్టు సంఖ్య, నూనె పాలు, ప్లగ్గు ఎట్లు తీసినది, దాని రంగు. గాలి వేడెక్కినకొలది పలుచనగును గాన, ఉదయమునకు సరిపోయిన జెట్టు మధ్యాహ్నమునకు ఎక్కువగును. ఇదియు పుటలు నిండిన తరువాతనే మాకు కండ్లకు కట్టినది. వాడు నిలిపియుంచిన బండిపై ప్రతి సాయంకాలము కూర్చుండి, రెండు వ్రేళ్లు క్లచ్చిపై నుంచి, మేము చప్పట్లు కొట్టినప్పుడెల్ల లాగుచు అభ్యాసము చేసెను. పిల్లల యాటవలె నుండెడిది. రెండు నెలలు చేసెను.

2024 ఫిబ్రవరిలో మరల పోయితిమి. 110 జెట్టుకంటె నొక మెట్టు పెద్దది వేసితిమి. మేస్త్రీ కూడ వచ్చెను. అక్కయు, పిలువకనే, క్యారియరు సర్దుకొని ట్రాలీ ఆటో ముందు సీటులో కూర్చుండెను. బాటవద్ద ఆమె గోడవైపు రాలేదు. షెడ్డు నీడలో బాటకు వీపు త్రిప్పి కుర్చీలో కూర్చుండెను. బండ్లు పదునైదు దాక తిరుగుచుండెను. ఒక్కొక్క చుట్టులో, మాకు బండి కనబడక ముందే, వెనుకనుండి ఆమె, "వస్తున్నాడు" అనుచుండెను. పదునాఱేండ్లు ఆ కూతను వీధి మలుపునుండి విని తలుపు తీసిన మనిషికి వేఱొకరు చెప్పవలెనా?

ఎనిమిదవ చుట్టు చివర, అధికారులకు ముందుగ చెప్పియుంచిన ప్రకారము, నిడుపాటి దారిపై కూత ఆగిపోయినది. అక్క కుర్చీలోనుండి లేచెను. "ఆపినాడమ్మా, వాడే ఆపినాడు" అని మేస్త్రీ అనెను. బండి చప్పుడు లేకుండ దొర్లుచు మా యెదుటికి వచ్చి నిలిచెను. వాడు దిగి, శిరస్త్రాణము తీయకనే, ప్లగ్గును ఊడదీసి, గుడ్డలో చుట్టి తెచ్చి మా చేతికి కాక తల్లిచేతికి ఇచ్చెను. ఆమె వేడికి చేయి మార్చుకొనుచు చెఱగుతో పట్టుకొని చూచెను.

"ఏ రంగుండాలి?" అని మమ్ము అడిగెను.

"పాలు కలిపిన కాఫీ రంగు" అంటిమి.

ఆమె దానిని వెలుగువైపు త్రిప్పి మఱికొంతసేపు చూచి, మాకిచ్చి, క్యారియరు మూత తీసెను. పులిహోర. మొదటి విస్తరి మేస్త్రీకి వేసెను, రెండవది మాకు.